కాలువ కట్టే నెలన్నర: గోదావరి డెల్టా పంచాయతీలకు, నీటి సంఘాలకు బహిరంగ లేఖ

గోదావరి డెల్టాలోని గ్రామ పంచాయతీల పాలకవర్గాలకు, పంచాయతీ కార్యదర్శులకు, నీటి వినియోగదారుల సంఘాల అధ్యక్షులకు, కాలువల, డ్రెయిన్ల ఇంజినీర్లకు,

నమస్కారం.

దాళ్వాకి (రెండో వరి పంటకి) నీటి అవసరం తీరి, మంచినీటి చెరువులు నింపుకున్నాక ధవళేశ్వరం దగ్గర తూర్పు, మధ్య, పశ్చిమ డెల్టా కాలువల షట్టర్లు దించుతారు. ఏడాదిని బట్టి కాస్త అటూ ఇటూగా ఏప్రిల్ నడిమి నుంచి జూన్ మొదలు దాకా కాలువలు కట్టేస్తారు. కాలువ అడుగు కంటికి కనిపించేది ఆ నెలన్నరే. అప్పుడు ఏ ఖానా (కాలువ మీది కల్వర్టు) దగ్గరికెళ్లినా ఎండిన గుర్రపుడెక్క, దాన్ని చుట్టుకున్న కవర్లు, వాటర్ ప్యాకెట్లు, సిమెంటు సంచుల పోగులు, పురుగుమందు డబ్బాలు కనిపిస్తాయి. పొక్లెయిన్ దిగి పూడికతో పాటు వాటన్నిటినీ తోడి గట్టు మీద పోస్తుంది. తొలకరిలో గట్టి వాన ఒకటి పడగానే గట్టు మట్టి జారుతుంది, ప్లాస్టిక్ మళ్లీ కాలువలోకి దిగుతుంది. పూడిక తీసిన లెక్క రాసుకుంటాం, చెత్త మాత్రం పది అడుగులు పక్కకి వెళ్లి వచ్చింది, అంతే.

మేం చెప్పదలుచుకున్నది చిన్న మాట. ప్లాస్టిక్ పొడిగా, దేనికది విడిగా ఉన్నంతసేపే సరుకు. నీళ్లలో పడి బురద పట్టిందంటే దాన్ని ఎవరూ కొనరు, కడిగే ఖర్చు దాని ధరని మించిపోతుంది. కాబట్టి పంచాయతీ డబ్బూ మనుషులూ నీళ్లలోంచి తీసే పని మీద కంటే, నీళ్లలో పడకముందు గట్టు మీదే పట్టుకునే పని మీద ఎక్కువ పెట్టాలి. ఎంత పట్టుకున్నా కొంత పడుతుంది. దాన్ని మాత్రం కాలువ కట్టిన రోజుల్లో, యంత్రం దిగకముందే, చేత్తో ఏరించాలి.

ముందు ఆ ఏరించే పని సంగతి. షట్టర్లు దించిన వెంటనే దిగితే కాళ్లు కూరుకుపోతాయి. బాగా ఆలస్యం చేస్తే బురద పగుళ్లిచ్చి గట్టిపడుతుంది, కవరు లాగితే సగం చేతికొచ్చి సగం మట్టిలో ఉండిపోతుంది. కాలు మోపేలా ఆరి, ఇంకా మెత్తగా ఉన్న ఆ నాలుగైదు రోజులే అదను. కాలువ పొడవునా నడవక్కర్లేదు. ప్రతి ఖానాకి, వంతెనకి ఎగువన వంద మీటర్లు, ఊరు కాలువని ఆనుకుని ఉన్నచోట రేవుల వెంట, సంత జరిగే చోట, చికెన్ షాపుల వెనక చూస్తే చాలావరకు దొరుకుతుంది. మనుషులకి గమ్ బూట్లు, మందపాటి గ్లౌజులు, పొడవు కర్ర దంతెలు ఇవ్వండి. అడుగున పగిలిన సీసాలు, సిరంజిలు ఉంటాయి, వట్టి చేతులతో దింపడం అన్యాయం. తలా మూడు గోతాలు ఇవ్వాలి: ఒకటి గాజుకీ సూదులకీ, ఒకటి పురుగుమందు డబ్బాలకి, మూడోది మిగతా ప్లాస్టిక్‌కి. ఇవన్నీ గట్టు దాటాకే పొక్లెయిన్‌కి కబురు చేయండి. పూడిక మట్టిని గట్టు లోపలి వాలు మీద పోయకూడదన్న షరతు కాంట్రాక్టరు పని ఒప్పందంలోనే ఉండాలి. నోటి మాటగా చెబితే అది ఆ సాయంత్రానికే చెల్లిపోతుంది.

జూన్‌లో వదిలే మొదటి నీళ్లు ఇంకో అదను. కట్టివేత రోజుల్లో పోగైనదంతా ఆ నీళ్లతో ఒక్కసారిగా కదిలి కాలువ చివరి శివారు వైపు పరుగెత్తుతుంది. ఆ రెండు మూడు రోజులు ముఖ్యమైన ఖానాల దగ్గర దంతెలతో ఇద్దరేసి మనుషులు నిలబడితే, తర్వాత నెలంతా శివారు రైతు బోదెలో (పొలం పిల్లకాలువలో) కవర్లు తీసుకునే బాధ తగ్గుతుంది.

తేలే చెత్తని ఆపడానికి అడ్డు తెప్ప కట్టాలని ఈమధ్య చాలా పంచాయతీలు అనుకుంటున్నాయి. మంచిదే. అయితే అది ఏమి ఆపుతుందో, ఏమి ఆపదో తెలుసుకుని కట్టాలి. పాలిథిన్, పాలీప్రొపిలీన్ నీటికంటే తేలిక: కవర్లు, సంచులు, సీసా మూతలు తేలతాయి. థర్మోకోల్ సరేసరి. నీళ్ల సీసా చేసే పెట్ ప్లాస్టిక్ నీటికంటే బరువు. మూత బిగించి ఉంటే లోపలి గాలికి తేలుతుంది, మూత పోతే నీళ్లు నిండి అడుగుకి పోతుంది. ఫ్లెక్సీ ముక్క, నైలాన్ వల ముక్క కూడా మునిగేవే. తెప్ప కట్టాం కదా అని కట్టివేతలో ఏరడం మానేస్తే మునిగినదంతా అలాగే పేరుకుంటుంది.

కట్టే తీరు ఇది. కాలువకి నేరుగా అడ్డం కడితే తోపు అంతా నడిమి మీద పడి తాడు తెగుతుంది. ప్రవాహానికి ఏటవాలుగా, 30 నుంచి 45 డిగ్రీల కోణంలో కడితే చెత్త దాని వెంట జారి ఒక ఒడ్డు మూలకి చేరుతుంది. ఆ మూల ట్రాక్టరు వెళ్లగలిగే వైపు ఉండాలి. తేలడానికి రెండు కొసలూ బిగించిన 160 మిల్లీమీటర్ల పైపులు చాలు, దాని కింద అడుగు, అడుగున్నర లోతు వల వేలాడాలి. వల కన్ను అంగుళం నుంచి అంగుళంన్నర. ఇంకా చిన్న కన్ను వేస్తే నాచు పట్టి గోడలా మారి నీటినే ఆపుతుంది, ఒక రాత్రి దిగువ రైతు ఎవరో వచ్చి కోసేస్తాడు. కోసినవాడిని తప్పుపట్టలేం. కొసల్ని గట్టు మీది గుంజకి ముడి వేయకండి, గుంజ మీద పైకీ కిందికీ జారే ఇనప రింగుకి కట్టండి. వంతులవారీగా నీళ్లిచ్చే రోజుల్లో మట్టం మారినప్పుడల్లా ముడి వేసిన తెప్ప అయితే గాల్లో వేలాడుతుంది, లేకపోతే మునుగుతుంది. లాకు నోటి దగ్గర, షట్టరుకి ఆనించి అసలు కట్టొద్దు. అక్కడ వేగం పెరిగి తేలేదాన్ని కూడా నీరు కిందికి లాక్కుపోతుంది. ముప్పై నలభై మీటర్లు ఎగువన, కాలువ తిన్నగా ఉన్నచోట, జలవనరుల శాఖ ఇంజినీరు అనుమతి తీసుకుని కట్టాలి.

తెప్పకి అసలు శత్రువు గుర్రపుడెక్క. పట్టుకున్నదాంట్లో ఎక్కువ భాగం అదే ఉంటుంది. తడిగా ఉన్నప్పుడు దాంట్లోంచి కవర్లు ఏరడం నరకం. గట్టు మీద పలచగా పరిచి నాలుగైదు రోజులు ఎండనిస్తే, దాని బరువులో నూటికి తొంభై పాళ్లకి పైగా నీరే కాబట్టి ముడుచుకుపోతుంది, దంతెతో దులిపితే ప్లాస్టిక్ రాలుతుంది. ఏరకుండా కంపోస్టులో కలిపితే ఆ ముక్కలు ఎరువుతో పాటు చేలోకి చేరతాయి. రోజు విడిచి రోజైనా తీసే మనిషి లేకపోతే తెప్ప కట్టకపోవడమే మేలు. నిండిన తెప్ప తెగిందంటే వారం చెత్త ఒక్క గంటలో దిగువ ఊరి మీద పడుతుంది.

ఇక గట్టు మీద పట్టుకోవడం. డెల్టాలో ప్లాస్టిక్ అనగానే అందరికీ చేతిసంచీ గుర్తొస్తుంది. భీమవరం, ఉండి, ఆకివీడు వైపు చెరువుల గట్ల మీద నడిస్తే మేత సంచీ గుర్తుకు రావాలి. ఎకరాకి రెండు టన్నుల రొయ్య పట్టుబడి, కిలో రొయ్యకి కిలో నాలుగు వందల గ్రాముల మేత అనుకోండి. 2,800 కిలోలు, అంటే 25 కిలోల సంచులు 112. ఒక ఎకరా, ఒక పంట. సంచీ సంగతి ఫరవాలేదు, ఖాళీ సంచులు కొనేవాళ్లున్నారు. మిగిలేవి మూడు: మూతి విప్పినప్పుడు లాగిపారేసే బారెడు కుట్టుదారం, కొన్ని రకాల్లో లోపల ఉండే పలచని కవరు, పోగులు లేచి అమ్ముడుపోని పాత సంచీ. దారం పాలియెస్టరు, కుళ్లదు. 112 సంచులకి 112 దారాలు గట్టు మీదే ఉంటాయి, వానకి చెరువులోకో బోదెలోకో పోతాయి. దీనికి మందు చాలా చవక. మేత షెడ్డు గుమ్మానికి ఒక గోనెసంచీ వేలాడదీసి, దారం, లోపలి కవరు అందులోనే వేయమని చెప్పడం. చెప్పాల్సింది యజమానికి కాదు, పొద్దున్నే సంచులు విప్పే కుర్రాళ్లకి.

చేపల చెరువుల్లో తవుడు సంచులకి చిల్లులు పెట్టి గెడలకి వేలాడదీస్తారు. ఎండా నీళ్లూ ఒకేచోట తగిలే ఆ సంచీ త్వరగా పెళుసెక్కి పోగులు పోగులుగా విడిపోతుంది. చేత్తో రుద్దితే పొడి రాలే సంచీని ఆ రోజే మార్చాలి, ఆ తర్వాత అది చేప మేతలో కలుస్తున్నట్టే. గండ్లకి, గట్ల కోతకి వేసే ఇసుక బస్తాలదీ అదే గతి. వరద రాత్రి ఏ సంచీ దొరికితే ఆ సంచీ వేస్తాం, తప్పదు. వరద తీశాక వాటిని విప్పి తీసుకెళ్లే పనికి ఎవరి పేరూ రాయకపోవడమే మన తప్పు. ముందే ప్లాను చేసిన గట్టు పనులకైనా కొబ్బరి పీచు జాలీ, గోనె వాడొచ్చు. పీచు మార్కెట్టు కోనసీమలోనే ఉంది.

ఆక్వా రైతు సంఘాలకీ, మేత డీలర్లకీ మీరు ముందుండి చేయించాల్సిన ఒప్పందం ఒకటుంది. మేత లారీ నిండుగా వస్తుంది, ఖాళీగా వెళుతుంది. ఆ ఖాళీలో సంచులు వెనక్కి వెళ్లాలి. సంచులు దులిపి, ఎండబెట్టి, యాభై చొప్పున కట్ట కట్టాలి. తడి సంచీ, బ్లీచింగ్ పోసిన సంచీ కలిస్తే డీలరు మొత్తం కట్ట వద్దంటాడు. సంచీకి అయిదు రూపాయలు డిపాజిట్‌గా బిల్లులో కలిపి, తిరిగిచ్చినప్పుడు తగ్గిస్తే రైతు తనంతట తానే దాచుకుంటాడు. మేత కంపెనీలకి ఇదేమీ కొత్త భారం కాదు. 2022 ఫిబ్రవరి నుంచి ప్లాస్టిక్ ప్యాకేజింగ్ వాడే ఉత్పత్తిదారులకి, బ్రాండు యజమానులకి విస్తృత బాధ్యత కింద తాము మార్కెట్లోకి వదిలినంత ప్యాకేజింగ్‌కి లెక్క చెప్పాల్సిన నిబంధనలు అమల్లో ఉన్నాయి. అడిగేవాళ్లు లేక ఆ లెక్క ఎక్కడో దూరాన తేలుతోంది.

కడియం, కడియపులంక నర్సరీల నల్ల సంచీ ఇంకో లెక్క. అది పాత ప్లాస్టిక్‌తో చేసిన పలచని పాలిథిన్, మట్టి అంటుకుని ఉంటుంది. దాని బరువులో ఎంత ప్లాస్టిక్కో ఎంత మట్టో తెలియదని పాతసామాన్ల వ్యాపారి తీసుకోడు. మొక్క నాటేటప్పుడు సంచీని చింపకుండా ఒక పక్క నిలువుగా కోసి తీసి, డ్రమ్ము నీటిలో ముంచి జాడించి, ఆరేస్తే తీసుకుంటారు. ఆ డ్రమ్ము నీళ్లు మొక్కలకే పోయండి, బోదెలోకి వదలొద్దు. కొబ్బరి పీచు కుండీలు వాడమని సలహా ఇచ్చేవాళ్లు దాని ఇబ్బందులు కూడా చెప్పాలి. అవి తొందరగా ఆరిపోతాయి, ఎండాకాలంలో రెండు పూటలా తడపాలి. ఎక్కువ నెలలు ఉంచితే వేళ్లు కుండీని దాటి నేలలోకి దిగుతాయి, లేపినప్పుడు తెగుతాయి. ఖరీదూ ఎక్కువే. మూడు నాలుగు నెలల్లో అమ్ముడుపోయే పూలమొక్కలకి అవి సరిపోతాయి, ఏళ్ల తరబడి పెంచే చెట్లకి కాదు. వాటికి మట్టిగడ్డకి గోనె పట్టా చుట్టే పాత పద్ధతే ఇంకా మంచిది. లారీల్లో దూర రాష్ట్రాలకి పోయే మొక్కల సంచీ వెనక్కి రాదు. మన ఊళ్లలో, మన పంచాయతీ వనాల్లో నాటే మొక్కల సంచులైనా లెక్కపెట్టి నర్సరీకి తిరిగిచ్చే షరతు పంచాయతీ తన కొనుగోలు ఆర్డరులోనే పెట్టొచ్చు. పూల మార్కెట్టులో దండలకి ప్లాస్టిక్ దారం బదులు అరటినార అడగడానికి అంత ఆలోచన కూడా అక్కర్లేదు.

పురుగుమందు డబ్బాల గురించి గట్టిగా ఒక్క మాట. కాలువలో కడగొద్దు. ఆ కాలువ నీళ్లే దిగువ ఊరి మంచినీటి చెరువులోకి వెళతాయి. డబ్బాలో పావు వంతు నీళ్లు పోసి, మూత బిగించి, అర నిమిషం కుదిపి, ఆ నీటిని స్ప్రేయరు ట్యాంకులోనే పోయాలి. అలా మూడుసార్లు చేయాలి. తర్వాత అడుగున మేకుతో చిల్లు పెట్టాలి, లేకపోతే ఎవరో కిరసనాయిలుకో నూనెకో వాడతారు. ఇవి మామూలు సీసాలతో కలిపి అమ్మే సరుకు కాదు. రైతు సేవా కేంద్రం దగ్గర తాళం వేసిన డ్రమ్ము ఒకటి పెట్టించండి.

పెళ్లిళ్లకొద్దాం. వెయ్యి మంది భోజనానికి తలకి రెండు చిన్న నీళ్ల సీసాలు పెడితే రెండు వేల సీసాలు, ఒక్కోటి పది గ్రాములనుకున్నా ఇరవై కిలోలు. వాటిలో సగం సగం తాగి వదిలేసినవే. అవి అమ్ముడుపోతాయి కాబట్టి ఎవరో ఏరుకుంటారు, అసలు బాధ వాటితో కాదు. పప్పూ పెరుగూ అంటిన గ్లాసులు, స్పూన్లు, కప్పులు, బల్ల మీద పరిచే పలచని రోలు షీటు: ఇవి ఎంగిలి ఆకులతో కలిసి మూటగా మండపం వెనక డ్రెయిన్‌లోకి పోతాయి. ప్లాస్టిక్ గ్లాసులు, కప్పులు, ప్లేట్లు, స్పూన్లు, స్ట్రాలు 2022 జూలై 1 నుంచి దేశమంతటా నిషిద్ధం. వాటి బదులు వచ్చినవాటిలో కొన్ని అంతకంటే తెలివైన మోసం. పేపరు ప్లేటు మీది వెండి రంగు పొర ప్లాస్టిక్ ఫిల్మే, రాత్రంతా నీళ్లలో నానబెడితే ఊడి చేతికొస్తుంది. అడ్డాకు విస్తరి అడుగున పాలిథిన్ పొర వేసి ప్రెస్సులో నొక్కినవీ అమ్ముతున్నారు. పేపరు కప్పు లోపల పాలిథిన్ పూత ఉంటుంది. అందులో వంద మిల్లీలీటర్ల వేడి పానీయం పావుగంట ఉంటే సుమారు 25,000 సూక్ష్మ ప్లాస్టిక్ రేణువులు దిగుతాయని 2020లో ఖరగ్‌పూర్ ఐఐటీ పరిశోధకులు లెక్కగట్టారు. అరటికి పేరుపడ్డ రావులపాలెం పక్కన పెట్టుకుని, రంపచోడవరం అడ్డాకు చేతికందే దూరంలో ఉండి, మనం ఈ కప్పుల్నీ ప్లేట్లనీ డబ్బిచ్చి కొంటున్నాం.

డ్వాక్రా సంఘం ద్వారా స్టీలు సామాను అద్దెకిచ్చే ఏర్పాటు నిలబడాలంటే అయిదు వందల కంచాలకి ఆరు వందల గ్లాసులు కొనండి, పోయేవి గ్లాసులే. యాభై చొప్పున ట్రేలో లెక్కపెట్టి ఇచ్చి, అలాగే లెక్కపెట్టి తీసుకోవాలి, డిపాజిట్ ముందే కట్టించుకోవాలి. ఇలాంటివి మూలపడేది కొనడానికి డబ్బు లేక కాదు, రాత్రి పదకొండు గంటలకి కడిగే మనిషి లేక. కడిగే కూలిని అద్దెలోనే కలిపేయండి. ఎంగిలి గీకడానికి ఒకటి, సబ్బు నీటికి ఒకటి, వేడి నీటికి ఒకటి, మూడు తొట్లు ఉండాలి. తడిగా పేర్చితే వాసనొస్తుంది, ఒక్కసారి వాసనొస్తే ఆ సామాను ఇంకెవరూ అడగరు. నీళ్ల సీసాల బదులు, వెయ్యి మందికి తలకి ముప్పావు లీటరు చొప్పున 38 ఇరవై లీటర్ల క్యాన్లు సరిపోతాయి. నూరు మందికి మించిన సభకైనా విందుకైనా, లైసెన్సు లేని చోట జరిపితే, మూడు పనిదినాల ముందు స్థానిక సంస్థకి తెలపాలని, చెత్త వేరుచేసి అప్పగించాలని 2016 ఘన వ్యర్థాల నిబంధనల నుంచే ఉంది. దాన్ని అమలు చేసిన పంచాయతీ ఏదో మీరే ఆలోచించండి.

అధికారం మాకెక్కడిదని కొందరు కార్యదర్శులు అడుగుతారు. 2016 ప్లాస్టిక్ వ్యర్థాల నిర్వహణ నిబంధనల్లో 12వది చదవండి. పల్లె ప్రాంతంలో చేతిసంచుల వాడకం, చెత్త వేసేవాళ్ల బాధ్యత, వీటి అమలుకి అధికారి గ్రామ పంచాయతీయే అని అందులో ఉంది. చేతిసంచీ మందం 2021 సెప్టెంబరు 30 నుంచి 75 మైక్రాన్లు, 2022 డిసెంబరు 31 నుంచి 120 మైక్రాన్లు ఉండాలి. వ్యాపారులు మైక్రాన్లలో మాట్లాడరు, గేజిలో మాట్లాడతారు. నూరు గేజి అంటే సుమారు పాతిక మైక్రాన్లు, కాబట్టి 120 మైక్రాన్లంటే దాదాపు 470 గేజి. మందం కొలిచే చిన్న గేజి పరికరం మండలానికి ఒకటి ఉంటే చాలు. కొలిచేటప్పుడు అందరూ చేసే పొరపాటు సంచీ రెండు పొరలూ కలిపి కొలవడం. 60 మైక్రాన్ల సంచీ 120 చూపిస్తుంది, షాపువాడు బయటపడతాడు. మూతి దగ్గర ఒక్క పొర పట్టి, మూడు చోట్ల కొలవండి. సంచీ మీద తయారీదారు పేరు, రిజిస్ట్రేషన్ నంబరు, మందం అచ్చయి ఉండాలి. ఏమీ అచ్చు లేకపోతే కొలిచే పనే లేదు, అది నిబంధనకి విరుద్ధమే. బయో కవరు అని రాసి ఉంటే కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి సర్టిఫికెట్ అడగండి. అది నిజమైనదే అయినా మన కాలువలో కరగదు, దానికి కంపోస్టు కుప్పలో నిలకడైన వేడి కావాలి. స్వీటు డబ్బా మీద చుట్టే పలచని ఫిల్మ్, పెళ్లిశుభలేఖ మీద చుట్టే ఫిల్మ్ కూడా నిషిద్ధ జాబితాలోనివే. ఈ సంగతి మన స్వీటు దుకాణాల్లో చాలామందికి తెలియదు, జరిమానాకి ముందు ఒకసారి కాగితం మీద తెలియజేయండి. చికెన్, చేపల దుకాణాల్లో స్టీలు డబ్బా తెచ్చినవాళ్లకి తూకంలో డబ్బా బరువు తీసేసే చిన్న మర్యాద చూపిస్తే సగం పని అవుతుంది.

ఫ్లెక్సీల సంగతి రాయాలంటే మొహమాటంగానే ఉంది, ఎందుకంటే పుట్టినరోజు ఫ్లెక్సీల్లో ఈ లేఖ చదివేవారి బొమ్మలూ ఉంటాయి. ఫ్లెక్సీ పాలియెస్టరు గుడ్డ మీద పీవీసీ పూత. 100 మైక్రాన్లకి లోపున్న పీవీసీ బ్యానరు నిషిద్ధం. మందమైనది నిషిద్ధం కాదు గానీ ఎవరూ కొనరు, రీసైక్లింగ్‌కి పనికిరాదు. గడ్డివాము మీదో ధాన్యం మీదో కప్పి, చిరిగాక తగలబెడతారు. పీవీసీ మంటలో హైడ్రోజన్ క్లోరైడ్ వస్తుంది, వేడి చాలని మంటలో డయాక్సిన్లనే విషాలు పుడతాయి. గుడ్డ బ్యానరు ఖరీదెక్కువ, కానీ తేదీ రాయకుండా రాయిస్తే మళ్లీ కట్టుకోవచ్చు.

సంక్రాంతి కోడిపందేల బరుల దగ్గర పడే గ్లాసులు, ప్యాకెట్లు పండగ వెళ్లాక చేను దమ్ములో కలిసిపోతాయి. బరి వేసినవాడికి కాగితం మీద పేరుండదు, అందుకని చెత్తకీ దిక్కుండదు. భూమి ఇచ్చిన ఆసామికి పేరుంటుంది కదా, ఆయనకి నోటీసు ఇవ్వండి. తీర్థాలకి, శనివారాల రద్దీ ఉన్న గుళ్లకి వాటర్ ప్యాకెట్లు ఉచితంగా పంచే దాతల్ని చలివేంద్రం వైపు తిప్పాలి. ప్యాకెట్టు కంటే దాని కొరికేసిన మూల పెద్ద సమస్య, ఆ ముక్క ఏ దంతెకీ దొరకదు. పాల ప్యాకెట్టుదీ అంతే: మూల పూర్తిగా తెంపకుండా వేలాడనిస్తే ప్యాకెట్టుతో పాటే పోతుంది. కార్తీక దీపాలకి అరటి దొప్ప ఉండగా థర్మోకోల్ అమ్మనిస్తున్న రేవులు ఇంకా ఉన్నాయి. 2027లో గోదావరి పుష్కరాలు. రేవుల వేలం, అన్నదానాల అనుమతులు, దుకాణాల కేటాయింపులు మొదలయ్యే ముందే ఈ షరతులు ఆ కాగితాల్లోకి ఎక్కాలి. పన్నెండు రోజుల రద్దీలో, వరద నీటిలో ఎవరూ ఎవరినీ ఆపలేరు.

చివరగా మీ చెత్త నుంచి సంపద కేంద్రం. అక్కడ ప్లాస్టిక్ అంతా ఒకే కుప్పగా ఉంటే అది గోదాం కాదు, రెండో డంపింగ్ యార్డు. నీళ్ల సీసాలు, పాల ప్యాకెట్లు, గట్టి ప్లాస్టిక్, సంచులు, పలచని కవర్లు, చిప్స్ షాంపూ ప్యాకెట్లు, పీవీసీ ఇలా ఏడు చోట్ల పడాలి. మొదటి నాలుగూ అమ్ముడుపోతాయి. కవర్లు, ప్యాకెట్లు విడిగా ఎవరూ కొనరు, దులిపి, ఆరబెట్టి, బేళ్లుగా నొక్కి సిమెంటు ఫ్యాక్టరీల బట్టీలకో రోడ్డు పనికో పంపాలి. విడి కవర్లు ట్రాలీ నిండుగా కనిపించినా బరువు ఉండదు, కిరాయి గిట్టదు. రోడ్డుకైతే మదురై త్యాగరాజర్ ఇంజినీరింగ్ కాలేజీ ప్రొఫెసర్ ఆర్. వాసుదేవన్ పద్ధతి ఉంది: తురిమిన పాలిథిన్‌ని సుమారు 160 డిగ్రీల వేడి కంకర మీద చల్లితే పూతలా అంటుకుంటుంది, తారు బరువులో 6 నుంచి 8 శాతం సరిపోతుంది. ఒక్క పీవీసీ ముక్క కూడా కలవకూడదు. స్వచ్ఛ భారత్ గ్రామీణ్ రెండో దశలో ప్లాస్టిక్ యూనిట్‌కి బ్లాకుకి 16 లక్షల రూపాయల దాకా కేటాయింపు పెట్టారు. యంత్రం కొనేముందు మూడు ఫేజుల కరెంటు చూసుకోండి, తురిమే యంత్రం కంటే ముందు దుమ్ము దులిపే జల్లెడ కొనండి. ఇసుక పట్టిన కవర్లు వేస్తే బ్లేడ్లు మొద్దుబారి యంత్రం మూలన పడుతుంది. పంపిన ప్రతి లోడుకీ రిజిస్టరైన రీసైక్లర్ దగ్గర తూకం చీటీ తీసుకోండి, కంపెనీలతో బేరమాడే రోజున మీ చేతిలో ఉండే ఆధారం అదే. షెడ్డు నిండిందని అగ్గిపుల్ల గీయకండి: 2016 డిసెంబరులో జాతీయ హరిత ట్రిబ్యునల్ బహిరంగంగా చెత్త తగలబెట్టినందుకు 5,000 రూపాయలు, పెద్దయెత్తున అయితే 25,000 రూపాయలు కట్టాలని చెప్పింది.

డ్రెయిన్ల ఇంజినీర్లకి ఒక విన్నపం. యనమదుర్రు లాంటి డ్రెయిన్లు పొంగడానికి ప్లాస్టిక్ ఒక్కటే కారణమని మేం అనం. పూడిక, గుర్రపుడెక్క, ఆక్రమణలు అంతకంటే పెద్దవి. కానీ డెక్క చాపని ఖానా దగ్గర కట్టిపడేసే జిగురు ఈ పోగులు, కవర్లే. డెక్క తీసే టెండర్లో ప్లాస్టిక్ వేరుచేసి పంచాయతీ షెడ్డుకి తూకంతో అప్పగించే ఖర్చుని విడి పద్దుగా చూపండి. పద్దు లేని పని ఎవరూ చేయరు.

రాబోయే గ్రామసభలో ముందుగా ఒక కాగితం తయారుచేయండి: మీ పరిధిలో ఎన్ని ఖానాలు, ఎన్ని రేవులు, ఎన్ని మేత షెడ్లు, ఎన్ని మండపాలు, ఒక్కోదానికి బాధ్యుడెవరు. ఏ ఖానా మొదట మూసుకుంటుందో కాలువ వెంట తిరిగే లస్కరుకి తెలుసు. ఆయన్ని పిలిచి, కుర్చీ వేసి కూర్చోబెట్టి, ఆ జాబితా ఆయన చెప్పిన వరసలో రాయండి.

ఇట్లు,
కాలువ గట్ల మీద, చెరువుల దగ్గర, చెత్త షెడ్లలో ఈ పని తెలిసిన కొందరు డెల్టావాసులు